రెండు సెంటీమీటర్ల లెక్క

గర్భాశయ ముఖద్వారం ఉన్న చోటు రేడియేషన్ వైద్యులకు ఒక కష్టం తెచ్చిపెట్టింది, ఒక వీలూ ఇచ్చింది. ముందువైపు మూత్రాశయం ఆనుకుని ఉంటుంది. వెనక పురీషనాళం. పైనుంచి సిగ్మాయిడ్ పేగు మెలిక ఏ రోజు ఎటు వాలుతుందో చెప్పలేం. ఈ గోడలకూ ముఖద్వారం క్యాన్సర్ కణితికీ మధ్య ఎడం కొన్నిచోట్ల మిల్లీమీటర్లలోనే ఉంటుంది. ఇదీ కష్టం. అయితే ఆ కణితి నడిమధ్యగా, యోనిలోంచి గర్భాశయం లోపలికి ఒక సన్నటి దారి పుట్టుకతోనే ఉంది. కోత పెట్టకుండా కణితి నడుమకు చేరే వీలు చాలా కొద్ది అవయవాల్లోనే దొరుకుతుంది. ఆ దారిని వాడుకోవడంలోంచే ఇక్కడి బ్రాకీథెరపీ, అంటే లోపలినుంచే ఇచ్చే రేడియేషన్, పుట్టింది.

మనవాళ్లు ‘కరెంటు పెట్టించుకోవడం’ అనే చికిత్సలో మొదటి భాగం బయటి యంత్రంతో జరుగుతుంది. రోజుకు 1.8 గ్రే చొప్పున 25 సిట్టింగుల్లో 45 గ్రే ఇవ్వడం మామూలు పద్ధతి. కిలో కణజాలం ఒక జౌల్ శక్తిని పీల్చుకుంటే అది ఒక గ్రే. దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తారు. ఈ భాగం పొత్తికడుపులోని లింఫు గ్రంథులను కూడా కలుపుకుని పెద్ద మేర చూసుకుంటుంది, కణితిని కుదిస్తుంది. కానీ ముఖద్వారంలో మిగిలిన కణితి పూర్తిగా చావాలంటే మొత్తం 85 గ్రేలు దాటాలి. అంత డోసు బయటినుంచి తోస్తే దారిలో ఉన్న మూత్రాశయమూ పురీషనాళమూ తట్టుకోలేవు. మిగతాది లోపలినుంచే రావాలి.

లోపలినుంచి ఇవ్వడంలో ఉన్న బలమంతా దూరంలో ఉంది. నేటి యంత్రాల్లో ఎక్కువగా వాడే రేడియేషన్ మూలం ఇరిడియం-192. సన్నటి ఉక్కు తీగ కొసన అతికించిన దాని గుళిక మందం ఒక మిల్లీమీటరుకు లోపే, పొడవు ఐదు మిల్లీమీటర్లకు లోపే. కొత్తగా తెచ్చినప్పుడు దాని బలం సుమారు 10 క్యూరీలు. ఒక సెంటీమీటరు దూరంలో నిమిషానికి ఏడు గ్రేలకు పైగా ఇస్తుంది. రెండు సెంటీమీటర్లకు వెళ్లేసరికి అందులో నాలుగో వంతు, ఐదు సెంటీమీటర్ల దగ్గర ఇరవై ఐదో వంతు. దూరం వర్గం పెరిగిన మేరకు డోసు తగ్గుతుందన్న బడి పాఠం ఇక్కడ అక్షరాలా పని చేస్తుంది. కణితిని నింపిన డోసు నాలుగు వేళ్ల అవతల దాదాపు ఉండదు.

అదే గుణం తప్పులను కూడా పెద్దవి చేస్తుంది. రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్న చోటు ఒక్క మిల్లీమీటరు జరిగితే అక్కడి డోసు సుమారు తొమ్మిది శాతం మారిపోతుంది. పరిమాణం లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. బిందువు లాంటి మూలాన్ని ఒకచోట పది శాతం ఎక్కువ సేపు ఉంచితే, ఒక ఫలానా డోసు అందే గోళం వ్యాసార్థం ఐదు శాతమే పెరుగుతుంది గాని, దాని ఘనపరిమాణం పదిహేను శాతం పెరుగుతుంది. అందుకే ఈ పనిలో ‘ఎంత డోసు’ అన్న ప్రశ్నకు ‘ఎంత మేరకు’ అన్నది తోడు లేకుండా అర్థమే లేదు. ఈ చికిత్స చరిత్ర అంతా మొదటి ప్రశ్ననుంచి రెండోదాని వైపు నడిచిన నడకే.

రేడియం కాలంలో మొదట ఆ రెండు ప్రశ్నలూ లేవు. ఎన్ని మిల్లీగ్రాముల రేడియం, ఎన్ని గంటలు పెట్టాం అన్న గుణకారమే డోసు. పెట్టింది ఎంతో తెలిసేది, అందింది ఎంతో తెలిసేది కాదు. 1938లో మాంచెస్టర్‌లో మార్గరెట్ టాడ్, డబ్ల్యూ. జె. మెరెడిత్ కలిసి వేసిన పద్ధతి ఆ లోటు తీర్చింది. నా దృష్టిలో ఈ విద్యలో అంత ముచ్చటైన రూపకల్పన ఇంకోటి లేదు. దాని భాగాలను కొంచెం నెమ్మదిగా చూడాలి.

భాగాలు రెండే. గర్భాశయం దారిలోకి వెళ్లే రబ్బరు గొట్టం ఒకటి, దాన్ని టాండెం అంటారు. రేడియం ట్యూబులు ఒకటీ రెండూ మూడూ వరసగా పట్టేలా మూడు పొడవుల్లో ఉండేది. ముఖద్వారం దగ్గర అది ఇంకా లోపలికి జారిపోకుండా చిన్న అంచు. రెండోది ఓవాయిడ్ల జత. ముఖద్వారానికి ఇరుపక్కలా, యోని పైకొసన ఉండే మూలల్లో ఒక్కోటి కూర్చుంటుంది. వీటి ఆకారం కంటికి ఇంపుగా ఉండాలని తీర్చింది కాదు. ఒకటిన్నర సెంటీమీటర్ల రేడియం ట్యూబు చుట్టూ సమాన డోసు ఉన్న బిందువులన్నీ కలిపితే వచ్చే ఉపరితలం ఏ రూపంలో ఉంటుందో, ఓవాయిడ్‌ను ఆ రూపంలోనే చేశారు. అందువల్ల ఓవాయిడ్‌ను తాకుతున్న యోని పొర అంతటికీ ఇంచుమించు ఒకే డోసు పడుతుంది. డోసు గీత గీయాల్సిన చోట దాన్ని రబ్బరులో పోతపోసినట్టయింది.

ఓవాయిడ్లకు మూడు వ్యాసాలు: 2, 2.5, 3 సెంటీమీటర్లు. పట్టేవాటిలో పెద్దది పెట్టమన్నది నియమం. కారణం మళ్లీ దూరమే. చిన్న ఓవాయిడ్‌లో మూలంనుంచి పొరకు ఒక సెంటీమీటరు. పొర దాటి రెండు సెంటీమీటర్లు లోతుకు వెళ్తే అక్కడ అందేది పొర మీది డోసులో 11 శాతం. పెద్ద ఓవాయిడ్‌లో పొర ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి అదే లోతులో 18 శాతం అందుతుంది. పొరను కాల్చకుండా లోతుకు ఎక్కువ పంపాలంటే మూలాన్ని పొరకు కాస్త దూరంగా జరపాలి. వినడానికి తిరకాసుగా ఉన్నా లెక్క ఒప్పుకుంటుంది. సైజు మారినప్పుడు అందులో పెట్టే రేడియం కూడా మారేది: చిన్నదానికి 17.5 మిల్లీగ్రాములు, మధ్యదానికి 20, పెద్దదానికి 22.5. ఏ టాండెంతో ఏ ఓవాయిడ్ కలిసినా ఒక నిర్ణీత బిందువు దగ్గర గంటకు అందే డోసు మారకుండా ఉండాలని ఆ అంకెలు ఏరుకున్నారు. కంప్యూటర్ లేదు, కాల్‌క్యులేటర్ లేదు. వార్డులో డాక్టరు గంటలు లెక్కపెడితే చాలు.

ఆ నిర్ణీత బిందువే ‘పాయింట్ ఎ’. యోని పైమూలనుంచి రెండు సెంటీమీటర్లు పైకి, గర్భాశయం దారినుంచి రెండు సెంటీమీటర్లు పక్కకు. గర్భాశయ రక్తనాళాలు మూత్రనాళాన్ని దాటే చోటు అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. ఎక్కువ రేడియంతో కణజాలం కుళ్లడం మొదట అక్కడే మొదలవుతుందని టాడ్, మెరెడిత్ భావించారు. అందుకే తట్టుకునే హద్దును అక్కడ కొలవాలన్నారు. ఆ బిందువుకు 8000 రాంట్‌జెన్లు (అప్పటి కొలమానం), 72 గంటల చొప్పున రెండు విడతల్లో. అదే మట్టంలో మధ్యగీతనుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో పాయింట్ బి, పక్కగోడ వైపు ఎంత పోతోందో చెప్పడానికి. 1953లో ఒక సవరణ చేశారు. యోని మూల ఎక్స్-రేలో కనిపించదు, టాండెంలోని మూలం కింది కొస కనిపిస్తుంది, కాబట్టి కొలత అక్కణ్ణుంచి తీశారు. రెండు మూడు తరాల డాక్టర్లు దేశాలు దాటి తమ ఫలితాలను పోల్చుకోగలిగారంటే ఈ ఒక్క బిందువు చలవే.

టాండెం, ఓవాయిడ్లు కలిసి గీసే డోసు మేర బోర్లా కాక నిలబెట్టిన బేరిపండులా ఉంటుంది. పైన సన్నగా, కింద రెండు ఓవాయిడ్ల వల్ల వెడల్పుగా, ముందువెనకలకు పలచగా. ముఖద్వారం కణితి కూడా పక్కలకే ఎక్కువగా పాకుతుంది, ముందు వెనకల్లో మూత్రాశయం, పురీషనాళం ఉంటాయి. అందువల్ల ఆ ఆకారం చాలావరకు సరిగ్గా కూర్చుంటుంది.

చాలావరకే. పాయింట్ ఎ పరికరాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది, కణితిని కాదు. పెద్ద కణితి దాన్ని దాటి పోతుంది, చిన్న కణితి దానికి ఇవతలే ఆగుతుంది, అంకె మాత్రం ఇద్దరు రోగులకూ ఒకటే చూపిస్తుంది. 1985లో రేడియేషన్ కొలతల అంతర్జాతీయ సంఘం ఐసీఆర్‌యూ 38వ నివేదిక 60 గ్రే అందే మేర ఎత్తు, వెడల్పు, మందం కూడా రాయమంది. మూత్రాశయానికీ పురీషనాళానికీ కొలత బిందువులు కుదిర్చింది. యూరిన్ పైపు కొసన బెలూన్‌లో ఏడు సీసీల ద్రవం నింపి, ఎక్స్-రేలో దాని వెనక అంచు దగ్గర డోసు చూడాలన్నమాట. తెలివైన ఏర్పాటే, కానీ బెలూన్ మూత్రాశయం అడుగున కూర్చుంటుంది, అసలు ఎక్కువ డోసు తరచుగా దానికి పైన పడుతుంది.

ఈ మధ్యలో రేడియం పోయింది. ఖాళీ గొట్టాలు ముందు అమర్చి, అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాక మూలాన్ని తర్వాత పంపే పద్ధతి, ఆఫ్టర్‌లోడింగ్, వచ్చింది. డాక్టరు చేతులకు రేడియేషన్ బెడద తప్పింది. దానికంటే పెద్ద లాభం నింపాదితనం. మూలం చేతిలో లేనప్పుడు అమరికకు ఎంతసేపైనా వెచ్చించవచ్చు.

ఆ అమరిక ఇవాళ ఎలా జరుగుతుందంటే: నడుముకు మత్తు ఇచ్చాక మూత్రాశయంలో పైపు వేస్తారు. యుటెరైన్ సౌండ్ అనే మొద్దుమొన కడ్డీతో గర్భాశయం లోతు కొలుస్తారు. పొట్టమీద అల్ట్రాసౌండ్ పెట్టుకుని చూస్తుంటే కడ్డీ గోడను పొడిచే ప్రమాదం తగ్గుతుంది. డైలేటర్లతో ద్వారాన్ని కొద్దికొద్దిగా వెడల్పు చేస్తారు. గర్భాశయం వంపును బట్టి తగిన కోణమున్న టాండెం ఎంచి, కొలిచిన లోతు దగ్గర దాని ఆపు బిగించి లోపలికి పంపుతారు. తర్వాత ఓవాయిడ్లు, లేదా వాటి బదులు ముఖద్వారాన్ని చుట్టి కూర్చునే రింగు. అన్నిటినీ కలిపి బిగిస్తారు.

ఆ తర్వాతి పని చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. తడిపిన పొడవాటి గాజుగుడ్డను ఫోర్సెప్స్‌తో మడత మీద మడతగా యోనిలో కూరుతారు. ముందు కొంత, వెనక కొంత. ముందుది మూత్రాశయాన్ని, వెనకది పురీషనాళాన్ని పరికరానికి దూరంగా నెడుతుంది. గుడ్డ వదులుగా ఉంటే పరికరం జారుతుంది. ఓవాయిడ్లకు పైన ఒక్క మడత ఇరుక్కున్నా అది పరికరాన్ని ముఖద్వారంనుంచి కిందికి తోసేస్తుంది, డోసు పడాల్సిన చోటునుంచి దిగిపోతుంది. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ ఏదీ ఆ తర్వాత దీన్ని పూర్తిగా సరిచేయలేదు. మంచి ప్యాకింగ్ చేసే చేయి ఉన్న విభాగంలో సగం ప్లానింగ్ మంచం మీదే అయిపోతుంది.

అప్పుడు స్కాన్. ఎమ్మారై అయితే మేలు. సీటీలో కణితీ ముఖద్వారమూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి, ఎమ్మారైలో నల్లటి ముఖద్వారం మధ్య కణితి తేటగా విడిపడి కనిపిస్తుంది. 2005, 2006ల్లో యూరప్ వైద్యుల బృందం జీఈసీ-ఎస్ట్రో ఇచ్చిన సిఫారసులు పాయింట్ ఎను పక్కకు జరిపి ఈ బొమ్మను మధ్యలో పెట్టాయి. ముఖద్వారం మొత్తం, దాంతోపాటు బయటి రేడియేషన్ అయ్యాక కూడా పక్కల మిగిలిన జబ్బు, ఈ రెండూ కలిపి ‘హై రిస్క్’ మేరగా డాక్టరు స్లైసు తర్వాత స్లైసు గీస్తారు. మొదటిరోజు కణితిని కాదు, ఈ రోజు కణితిని గీయాలి. ఐదు వారాల చికిత్సతో కణితి కుదించుకున్నందుకు లాభం దక్కాలి కదా. ఎమ్మారై అందరికీ అందని మన దేశంలో సీటీతోనే ఈ గీతలు ఎలా నమ్మకంగా గీయవచ్చో చెప్పే అంతర్జాతీయ సిఫారసులు 2021లో వచ్చాయి. అల్ట్రాసౌండ్‌నూ, పరీక్ష చేసిన వేళ్లకు తగిలినదాన్ని కాగితం మీద వేసిన బొమ్మనూ సీటీకి జోడించే పద్ధతి అది. ఆ పత్రంలో ముందున్న పేరు ఉమేశ్ మహంత్‌శెట్టిది. ముంబై టాటా మెమోరియల్‌లో ఏళ్లపాటు పనిచేసి, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి బాధ్యత తీసుకున్న వైద్యుడాయన.

గీసిన మేరకు రెండు రకాల కొలతలు. కణితి వైపు డి90: ఆ మేరలో 90 శాతానికి కనీసం ఎంత అందింది. వంద శాతానికి ఎందుకు అడగరంటే, డోసు ఇంత నిటారుగా పడిపోయేచోట ఏదో ఒక మూలనున్న చుక్క మొత్తం అంకెను కిందికి లాగేస్తుంది. సాధారణ అవయవాల వైపు డి2సీసీ: మూత్రాశయంలో, పురీషనాళంలో, సిగ్మాయిడ్‌లో అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్న రెండు ఘన సెంటీమీటర్లకు కనీసం ఎంత పడింది. గోడమీద రెండు సెంటీమీటర్ల చదరం, అర సెంటీమీటరు మందం తీసుకుంటే అంతే అవుతుంది. పుండు పడటానికి, రక్తం కారడానికి సరిపడా మేర అది. అవయవం సగటు డోసు ఇక్కడ ఏమీ చెప్పదు.

ఇంకో చిక్కుంది. రోజుకు 1.8 గ్రే చొప్పున ఇచ్చిన 45 గ్రేలకూ, ఒక్క సిట్టింగులో గుప్పున ఇచ్చే 7 గ్రేలకూ కూడిక కుదరదు. పెద్ద విడత ఎక్కువ దెబ్బ తీస్తుంది, పైగా కణితిని ఒకలా, సాధారణ కణజాలాన్ని ఇంకోలా. అందుకని అన్నిటినీ ‘రోజుకు 2 గ్రే ఇచ్చి ఉంటే ఎంతకు సమానం’ అన్న కొలమానంలోకి మారుస్తారు. 7 గ్రేల సిట్టింగులు నాలుగు, మొత్తం 28 గ్రేలు. కణితికి అవి 39.7తో సమానం. అదే 28 గ్రేలు పురీషనాళం గోడమీద పడితే 56తో సమానం. కణితికి బయటి రేడియేషన్‌లో వచ్చిన 44.3 కలిపితే 84. గోడకు 43.2 కలిపితే 99, అంటే పుండు పడే ప్రమాదం బాగా ఎక్కువ. హద్దు 75, లక్ష్యం 65కు లోపు. కాబట్టి కణితికి 7 పడే క్షణంలో కొద్ది మిల్లీమీటర్ల అవతల గోడకు నాలుగు మాత్రమే పడాలి. నాలుగైతే మొత్తం 65.6, లక్ష్యానికి ఇంచుమించుగా చేరినట్టు.

దాన్ని సాధించేది సెకన్లతో. మూలం గొట్టంలో 2.5 లేదా 5 మిల్లీమీటర్లకొక చోట ఆగుతూ వెనక్కి వస్తుంది. టాండెంలో, ఓవాయిడ్లలో కలిపి ఇలాంటి మజిలీలు ఇరవై దాకా ఉండవచ్చు. ఒక్కోదాని దగ్గర ఎన్ని సెకన్లు నిలవాలో మెడికల్ ఫిజిసిస్ట్ నిర్ణయిస్తారు. అనుభవమున్నవాళ్లు మొదట పాత మాంచెస్టర్ తరహా బేరిపండునే వేసి, దాన్ని కొంచెం కొంచెం వంచుతారు. సిగ్మాయిడ్ టాండెం కొస మీదికి వాలిందా, పై రెండు మజిలీల సెకన్లు కోస్తారు. కణితి ఎడమపక్కకు పాకిందా, ఎడమ ఓవాయిడ్‌లో పెంచుతారు. కంప్యూటర్‌ను తనంతట తానే చేయమంటే అంకెలన్నీ సరిపెట్టి చూపిస్తూనే, ఒకే మజిలీలో బోలెడు సెకన్లు కుక్కేసి ఎక్కడో డోసు గుట్ట పోస్తుంది. అందుకని చివరి దిద్దుబాటు మనిషి చేతిదే.

కణితి పక్క కణజాలంలోకి, పారామెట్రియంలోకి, బాగా వెళ్లిపోతే సెకన్లు చాలవు. అంత దూరం టాండెంతో తోస్తే ముందు వెనకలు మాడతాయి. దీనికి వియన్నాలో కనిపెట్టిన జవాబు చాలా సరళమైనది. రింగుకు టాండెంతో సమాంతరంగా చిన్న రంధ్రాలు పెట్టారు. అవసరమైన పక్కనున్న రంధ్రాల్లోంచి సూదులు కణితిలోకి దిగుతాయి, మూలం వాటిలోకి కూడా వెళ్లి కొద్ది సెకన్లు నిలుస్తుంది. రింగు అప్పటికే ముఖద్వారానికి గట్టిగా పట్టి ఉంటుంది కనుక సూది ఎటు పోవాలో రంధ్రమే చెబుతుంది. బేరిపండు ఒక పక్కకే ఉబ్బుతుంది, మిగతా పక్కలు కదలవు.

2008లో మొదలైన ఎంబ్రేస్ అధ్యయనంలో ఇలా స్కాన్ చూసి చికిత్స చేసిన 1,341 మంది మహిళల ఫలితాలు 2021లో వచ్చాయి. ఐదేళ్లకు 92 శాతం మందిలో ముఖద్వారం దగ్గర జబ్బు అదుపులో ఉంది.

ఇంత తయారీ తర్వాత ఒక్కో సిట్టింగులో మూలం లోపల ఉండేది మాత్రం నిమిషాలే. గొట్టాలను యంత్రానికి తగిలించి అందరూ బయటికి వస్తారు. ముందు మూలం లేని ఉత్తుత్తి తీగ ప్రతి గొట్టం కొసదాకా వెళ్లి వస్తుంది. ఎక్కడైనా మడత పడిందా, బిగింపు వదులైందా అని చూసి వస్తేనే అసలు తీగ కదులుతుంది. తలుపు తెరిస్తే మూలం వెనక్కి పోతుంది. కరెంటు పోతే బ్యాటరీ లాగుతుంది, అదీ కుదరకపోతే చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది. ఇరిడియం 74 రోజుల్లో సగమైపోతుంది కాబట్టి అప్పటికి అదే డోసుకు రెట్టింపు సెకన్లు పడతాయి. మూడు నాలుగు నెలలకొకసారి కొత్త మూలం తెస్తారు.

తర్వాతి సిట్టింగుకు పాత ప్లాను వాడరు. మూత్రాశయం ఇంకోలా నిండి ఉంటుంది, పేగు ఇంకో చోట ఉంటుంది, కణితి ఇంకాస్త తగ్గి ఉంటుంది. పాత ప్లానులోంచి పనికొచ్చేది లెక్క మాత్రమే. మూడు సిట్టింగులైనాయి, కణితికి ప్రతిసారీ 7 అందింది, గోడకు 4.5 పడిందనుకుందాం. ఇప్పటికి కణితి ఖాతాలో 74, గోడ ఖాతాలో 63.5. కణితి 85 చేరాలంటే నాలుగోసారి 7.5 ఇవ్వాలి. పరికరం పోయినసారిలాగే కూర్చుంటే గోడకు 4.8 పడి, మొత్తం 70.9 అవుతుంది. లక్ష్యం దాటినట్టు, హద్దులో ఉన్నట్టు. అదే ఈసారి గాజుగుడ్డ పురీషనాళాన్ని ఇంకో రెండు మిల్లీమీటర్లు వెనక్కి నెడితే గోడకు పడేది 4 దగ్గరికి దిగి, మొత్తం 69 అవుతుంది. కణితికి ఏమీ తగ్గదు. ఈ రెండు అంకెలూ ముందే వేసుకున్న డాక్టరు నాలుగోసారి ప్యాకింగ్‌కు మరో పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటారు.